డాష్‌బోర్డు వెనక చలీ ఎండా



1963 చివర్లో అమెరికాలో కాడిలాక్ కంపెనీ మరుసటి ఏటి మోడల్ కార్లను అమ్మకానికి పెట్టింది. అదనంగా డబ్బు చెల్లించి పెట్టించుకునే సౌకర్యాల జాబితాలో ఆ ఏడు కొత్త పేరొకటి చేరింది: కంఫర్ట్ కంట్రోల్. డాష్‌బోర్డు మీద చిన్న చక్రం, దాని మీద 65 నుంచి 85 దాకా ఫారెన్‌హీట్ అంకెలు. మన సెల్సియస్ లెక్కలో సుమారు 18 నుంచి 29 డిగ్రీలు. యజమాని తనకు హాయిగా ఉండే అంకె దగ్గరికి చక్రం తిప్పి వదిలేస్తే చాలు. బయట మంచు పడుతున్నా, రోళ్ళు పగిలే ఎండ కాస్తున్నా, కారు లోపల అదే హాయి నిలబెట్టే బాధ్యత కారుదే.

ఆ కారులో కంప్యూటర్ లేదు. మొదటి మైక్రోప్రాసెసర్, ఇంటెల్ వారి 4004, మార్కెట్లోకి వచ్చింది 1971లో. అంటే అంతకు సుమారు ఎనిమిదేళ్ళ ముందే, కొన్ని నిరోధకాలు, ఒక చిన్న ట్రాన్సిస్టర్ పరికరం, కొన్ని రబ్బరు గొట్టాలు, ఇంజిన్ పీల్చే గాలి, వీటితోనే ఒక కారు తన లోపలి వాతావరణాన్ని తానే సరిదిద్దుకుంది. చలి ఎంతో తెలుసుకుంది, కోరినదానికీ ఉన్నదానికీ తేడా చూసుకుంది, ఆ తేడా పోయేదాకా పనిచేసింది. ఆ పాత ఏర్పాటు ఎలా నడిచేదో, ఎక్కడ దెబ్బతినేదో, ఇవాళ మన రోడ్ల మీదున్న పాత కార్లకు దాని నుంచి పనికొచ్చేదేమిటో ఈ ప్రసంగంలో చూద్దాం.

దానికి ముందున్న స్థితి తెలిస్తే ఆ ముందడుగు ఎంత పెద్దదో అర్థమవుతుంది. కారులో కంపెనీయే ఏసీ బిగించి అమ్మడం ప్యాకార్డ్‌తో మొదలైంది. 1939 నవంబరులో షికాగో మోటారు ప్రదర్శనలో దాన్ని చూపించారు, 1940 మోడల్లో అమ్మారు. చల్లబరిచే కాయిల్ వెనక సీటు వెనకాల, డిక్కీ భాగంలో ఉండేది. కంప్రెసర్‌ను ఇంజిన్ నుంచి విడదీసే క్లచ్ లేదు. చలి ఎక్కువైందంటే బ్లోవర్ ఆపుకోవాలి. ఏసీయే వద్దనుకుంటే కారు ఆపి, బానెట్ ఎత్తి, కంప్రెసర్ బెల్టు ఊడదీయాలి. రెండేళ్ళకే ఆ ప్రయత్నం ఆగిపోయింది.

ఇంకోవైపు నాష్ అనే కంపెనీ 1930ల చివర్లోనే వెదర్ ఐ పేరుతో మంచి హీటర్ తెచ్చింది. 1954లో అదే కంపెనీ హీటరునూ ఏసీనీ ఒకే పెట్టెలో, డాష్‌బోర్డు వెనకే అమర్చింది. వేడీ చల్లదనమూ పక్కపక్కకు చేరాయి. అయినా ఎప్పుడు ఏది ఎంత కావాలో చూసుకోవాల్సింది నడిపేవాడే. ఊరు దాటగానే ఒక మీట, మబ్బు పట్టగానే ఇంకో మీట, వాన మొదలై అద్దానికి ఆవిరి పట్టగానే మరొకటి. 1964 కాడిలాక్ ఆ పనిని మనిషి చేతిలోంచి తీసుకుంది.

ముందు గాలి దారి చూద్దాం. బయటి గాలిగానీ లోపలి గాలిగానీ బ్లోవర్‌లోకి వస్తుంది. అక్కణ్ణుంచి మొత్తం గాలి కూలింగ్ కాయిల్ మీదుగా పోతుంది. అక్కడ చల్లబడటమే కాదు, దాంట్లోని తేమ నీటిచుక్కలై కిందికి కారిపోతుంది. ఏసీ వేసి ఆపిన కారు కింద నీళ్ళు కనిపించేది అందుకే. ఇక హీటర్. ఇంజిన్‌ను చల్లార్చి వచ్చే వేడినీళ్ళు తిరిగే చిన్న రేడియేటర్ అది. కూలింగ్ కాయిల్ దాటిన గాలికి రెండు దారులుంటాయి, ఒకటి హీటర్ గుండా, ఒకటి హీటర్ పక్కనుంచి. ఆ రెంటి మధ్య ఒక తలుపు. స్నానానికి వేణ్ణీళ్ళలో చన్నీళ్ళు కలుపుకున్నట్టు, ఆ తలుపు ఎటు ఎంత ఒరిగితే ఆ పాళ్ళలో వేడి గాలీ చల్ల గాలీ కలిసి లోపలికి వస్తాయి.

ముందు చల్లబరచి, మళ్ళీ వెచ్చబెట్టడం ఇంధనం దండగ కదా అనిపిస్తుంది. కొంత నిజమే. 1973 చమురు సంక్షోభం తరవాతి కార్లలో కంప్రెసర్ నడవకుండా ఆపే ఎకానమీ మీట పెట్టింది అందుకే. కానీ ఆ పద్ధతిలో ఒక పెద్ద మేలుంది. ముందు తేమ తీసేసి, తరవాత వెచ్చబెట్టిన గాలి పొడిగా ఉంటుంది. వానలో, మంచులో ముందు అద్దానికి పట్టిన ఆవిరిని ఆ గాలి క్షణాల్లో తుడిచేస్తుంది. వెచ్చగా ఉంటే చాలనుకునే కారుకూ, దారి స్పష్టంగా కనిపించే కారుకూ తేడా అదే.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ తలుపు ఎంత ఒరగాలో కారుకు ఎలా తెలుసు?

చలీ వేడీ పసిగట్టే పని థర్మిస్టర్‌ది. లోహపు ఆక్సైడ్లతో చేసిన చిన్న బిళ్ళ అది. మామూలు తీగ వేడెక్కితే విద్యుత్తుకు దాని నిరోధం పెరుగుతుంది. ఈ బిళ్ళ అందుకు వ్యతిరేకం: వేడెక్కే కొద్దీ నిరోధం తగ్గుతుంది. ఇలా ప్రవర్తించే పదార్థాన్ని మైకేల్ ఫారడే 1833లోనే గమనించాడు, అది సిల్వర్ సల్ఫైడ్. థర్మిస్టర్‌లో గది వేడిమి దగ్గర ఒక్కో డిగ్రీకి సుమారు నాలుగు శాతం మార్పు ఉంటుంది. అంత మార్పును పట్టుకోవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు.

కాడిలాక్ ఇంజినీర్లు ఇలాంటివి మూడు వాడారు. ఒకటి కారు లోపలి గాలిని చూస్తుంది. ఒకటి బయటి గాలిని. మూడోది గొట్టంలోంచి మనుషుల మీదికి వచ్చే గాలిని. లోపలిది ఒక్కటీ చాలదా అంటే, చాలదు. కారు చిన్న గది, చుట్టూ అద్దాలు. బయట ఎండ మండుతుంటే పైకప్పూ అద్దాలూ వేడెక్కి కూర్చున్నవాళ్ళ మీదికి సెగ కొడతాయి. లోపలి గాలి 24 డిగ్రీలే ఉన్నా ఒంటికి 24లా అనిపించదు. బయటి సెన్సర్ ఆ సంగతి ముందే చెబుతుంది, గాలి మరి కాస్త చల్లగా రావాలని. గొట్టంలోని సెన్సర్ మరో పని చేస్తుంది. పంపుతున్న గాలి ఎలా ఉందో తక్షణం చెప్పి తలుపు అతిగా తిరగకుండా ఆపుతుంది. అది లేకపోతే గది చల్లబడేదాకా చలి పోసి, ఆ తరవాత వేడి పోసి, మళ్ళీ చలి పోసి, ప్రయాణమంతా ఊగిసలాటే అవుతుంది.

లోపలి సెన్సర్ పెట్టే చోటులో ఒక చిక్కుంది. డాష్‌బోర్డు వెనక ఊరికే బిగిస్తే అది అక్కడ నిలిచిపోయిన వేడి గాలిని కొలుస్తుంది, మనుషులు పీల్చే గాలిని కాదు. అందుకని డాష్‌బోర్డు మీద చిన్న జల్లెడ కన్నం పెట్టి, దాని వెనక సెన్సర్ ఉంచి, గది గాలి దాని మీదుగా ఎడతెగకుండా పారేలా చేశారు. గాలిని అలా లాగడానికి చాలా కార్లలో మోటారు కూడా లేదు. బ్లోవర్ గాలి వేగంగా పోయే చోట ఒక సన్నని గొట్టం కలిపితే, ఆ వేగానికి పుట్టే తక్కువ పీడనం సెన్సర్ దగ్గరి గాలిని తనవైపు గుంజుకుంటుంది. కొన్ని కంపెనీలు, ముఖ్యంగా మెర్సిడెస్, ఆ పనికి ప్రత్యేకంగా బుల్లి ఫ్యాన్ పెట్టాయి. ఈ జల్లెడ కన్నాన్ని శ్రోతలు గుర్తుంచుకోవాలి. పాత కార్లలో వచ్చే తిప్పలు చాలావరకు ఇక్కణ్ణుంచే మొదలవుతాయి.

మూడు సెన్సర్లూ, యజమాని తిప్పే చక్రమూ ఒకే వరసలో గొలుసుగా కలిసి ఉంటాయి. చక్రం తిప్పితే ఒక నిరోధం మారుతుంది. గదిలో చలి మారితే ఇంకో నిరోధం. మొత్తం నిరోధం ఎంతుందన్నదే కారుకు తెలిసిన ఒకే ఒక్క వార్త. ఎక్కువుంటే చలిగా ఉందని, తక్కువుంటే వేడిగా ఉందని. ట్రాన్సిస్టర్ పరికరం ఆ చిన్న విద్యుత్ తేడాను పెద్దది చేసి తరవాతి మెట్టుకు అందిస్తుంది.

ఆ మెట్టులో ఉన్నది విద్యుత్తు కాదు, గాలి. పెట్రోలు ఇంజిన్ గాలిని పీల్చుకుంటుంది. యాక్సిలరేటర్ వదిలి ఉన్నప్పుడు ఇంజిన్ ముందున్న గొట్టంలో పీడనం బాగా పడిపోతుంది. మెకానిక్‌లు దీన్నే వాక్యూమ్ అంటారు. గేజి పెట్టి చూస్తే ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ దగ్గర 18 నుంచి 20 అంగుళాల పాదరసం దాకా చూపిస్తుంది. ఇది ఇంజిన్ ఎలాగూ పుట్టించే శక్తి, అదనంగా ఖర్చులేనిది. రబ్బరు పొర ఉన్న చిన్న డబ్బాకు దీన్ని కలిపితే బయటి గాలి ఆ పొరను లోపలికి నెడుతుంది. పొర అడ్డుకొలత 5 సెంటీమీటర్లే అనుకున్నా, మంచి వాక్యూమ్ ఉంటే దాని మీద పడే బలం సుమారు 12 కిలోల బరువుకు సమానం. డాష్‌బోర్డు వెనక తలుపులు తిప్పడానికి అది మించిన బలం. ఆనాటి విద్యుత్ మోటార్లతో ఇంత చవగ్గా, ఇంత చప్పుడు లేకుండా ఆ పని జరిగేది కాదు.

విద్యుత్ సంకేతాన్ని వాక్యూమ్‌గా మార్చే భాగం ఒకటుంటుంది. కరెంటు ఎంతో దానికి తగ్గట్టు అది వాక్యూమ్‌ను ఎక్కువా తక్కువా చేసి ఒక పెద్ద పొర మీదికి వదులుతుంది. ఆ పొర ఒక కడ్డీని కదుపుతుంది. కడ్డీ ఒక్కటే, పనులు చాలా. వేడిగాలీ చల్లగాలీ కలిపే తలుపును అదే తిప్పుతుంది. బ్లోవర్ వేగం మార్చే విద్యుత్ స్పర్శల మీద అదే జారుతుంది. గాలి ముఖానికి పోవాలా, కాళ్ళకు పోవాలా, బయటి గాలి తీసుకోవాలా, లోపలి గాలినే తిప్పాలా, హీటర్‌కు వేడినీళ్ళు వదలాలా మానాలా, వీటన్నిటికీ సంబంధించిన వాక్యూమ్ గొట్టాలను తెరిచేదీ మూసేదీ కూడా అదే.

ఆ కడ్డీ ప్రయాణాన్ని ఊహించుకుంటే మొత్తం పథకం కళ్ళకు కడుతుంది. అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్ నగరంలో జులై మధ్యాహ్నం, కారు రెండు గంటలు ఎండలో నిలబడి ఉంది. తలుపు తీసి, తాళం తిప్పగానే కడ్డీ ఒక చివరకు పోతుంది. వేడినీళ్ళు బంద్. లోపలి గాలే మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. బ్లోవర్ పూర్తి వేగం, గాలి ముఖానికి. గది చల్లబడే కొద్దీ కడ్డీ మెల్లగా వెనక్కి జరుగుతుంది. బ్లోవర్ ఒక్కో మెట్టూ దిగుతుంది. బయటి గాలి తలుపు తెరుచుకుంటుంది. అనుకున్న వేడిమి దగ్గరికి వచ్చేసరికి చప్పుడు వినపడనంత నెమ్మదిగా గాలి వస్తుంటుంది. కూర్చున్నవాళ్ళు ఒక్క మీట ముట్టుకోరు.

జనవరిలో డెట్రాయిట్‌లో ఇదే కడ్డీ రెండో చివరకు పోతుంది. అక్కడ ఇంజినీర్లు మరో జాగ్రత్త తీసుకున్నారు. చల్లని ఇంజిన్‌ను అప్పుడే స్టార్ట్ చేస్తే హీటర్‌లో వేడినీళ్ళు ఉండవు. ఆ సమయంలో బ్లోవర్ తిరిగితే మంచుగాలి కాళ్ళకు కొడుతుంది. అందుకని ఇంజిన్ నీళ్ళు వెచ్చబడేదాకా బ్లోవర్ తిరగకుండా అడ్డుపెట్టారు. అద్దం మీది మంచు తీయమని మీట నొక్కితే మాత్రం ఆ అడ్డు తొలగిపోతుంది. ఈ సంగతి తెలియక చలికాలం పొద్దున బ్లోవర్ పాడైందని అమెరికాలో వర్క్‌షాపులకు పరుగెత్తినవాళ్ళు చాలామంది. ఇవాళ అక్కడ పాత కారు కొనుక్కునే మన తెలుగు విద్యార్థులకూ ఈ అనుమానం రావచ్చు. నాలుగైదు నిమిషాలు ఆగితే గాలి దానంతటదే వస్తుంది.

గుట్ట ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజిన్ వాక్యూమ్ దాదాపు సున్నాకు పడిపోతుంది. అప్పుడు తలుపులు వదులైపోకుండా వాక్యూమ్ నిలవ ఉంచే డబ్బా ఒకటీ, అది వెనక్కి పోకుండా ఆపే వాల్వు ఒకటీ పెట్టారు. అవి చిల్లుపడితే? ఇంజినీర్లు ఎక్కువ ఆలోచన పెట్టింది ఈ ప్రశ్న మీదే. వాక్యూమ్ పోతే తలుపులను స్ప్రింగులు లాగుతాయి. ఆ స్ప్రింగులు లాగే దిక్కు ముందు అద్దం. అంటే మొత్తం వ్యవస్థ చచ్చిపోయినా గాలి అద్దానికే పోతుంది. చల్లదనం లేకపోతే చెమట పడుతుంది, అంతే. దారి కనిపించకపోతే ప్రాణాలు పోతాయి. 60 ఏళ్ళ కిందటి ఈ నిర్ణయం వెనక ఉన్న శ్రద్ధకు చేతులెత్తి నమస్కరించాలి.

ఈ ఏర్పాట్లో పాడయ్యే తీరు కూడా మాట్లాడుతుంది, వినేవాళ్ళుండాలి. సమతలం మీద బాగానే ఉండి, గుట్ట ఎక్కేటప్పుడు గాలి ముఖం వదిలి అద్దానికి పోతోందంటే వాక్యూమ్ గొట్టమో, వెనక్కిపోకుండా ఆపే వాల్వో పోయిందని అర్థం. నడివేసవిలో అకస్మాత్తుగా వేడిగాలి కొడుతోందంటే సెన్సర్ గొలుసులో ఎక్కడో తీగ తెగి ఉండవచ్చు. తెగిన తీగ నిరోధం అనంతం, నిరోధం ఎక్కువంటే చలి అని కదా కారు నేర్చుకున్నది. లోపల గడ్డకట్టే చలి అనుకొని అది వేడి పోస్తుంది. అదే సెన్సర్ తీగలు ఒకదానికొకటి తగులుకుంటే విపరీతమైన వేడి అనుకొని ఆగకుండా చల్లబరుస్తుంది. జల్లెడ కన్నానికి నూలుపోగులూ దుమ్మూ పట్టినా, వెనక గొట్టం ఊడినా సెన్సర్ డాష్‌బోర్డు వెనకున్న ఉక్కనే కొలుస్తూ ఉంటుంది. లోపలివాళ్ళు వణుకుతున్నా కారు ఇంకా చల్లబరుస్తూనే ఉంటుంది.

యూరప్ కథ కొంచెం వేరు. 1975 మార్చిలో రోల్స్‌రాయిస్ కంపెనీ కమార్గ్ అనే కారును ఇటలీలోని సిసిలీ దీవిలో లోకానికి చూపించింది. పినిన్‌ఫరీనా గీసిన ఆకారం అది. ఆ కారు చరిత్రలో నిలిచింది ఆకారానికన్నా దాని ఏసీ వల్ల. పైభాగానికి ఒక వేడిమి, కింది భాగానికి ఇంకొకటి, దేనికదే ఆటోమేటిక్‌గా నిలబెట్టే మొదటి కారు అది. తల చల్లగా, పాదాలు వెచ్చగా ఉంటే నిద్రమత్తు రాకుండా దూరం నడపవచ్చు. ముందు కమార్గ్‌లో వచ్చిన ఈ సౌకర్యం 1977లో సిల్వర్ షాడో రెండో తరానికీ అందింది.

మెర్సిడెస్ మరో దారి పట్టింది. 1970ల చివర్లో అమెరికాకు పంపిన డబ్ల్యు 123, డబ్ల్యు 116 కార్లలో ఆ కంపెనీ అమెరికాకే చెందిన క్రైస్లర్ వారి ఆటోటెంప్ పద్ధతిని తీసుకుంది. దాని గుండెకాయ బానెట్ కింద బిగించిన సర్వో. విద్యుత్ మోటారు, వేడినీటి వాల్వు, వాక్యూమ్ పంపకం, బ్లోవర్ వేగాల స్పర్శలు, అన్నీ ఒకే ప్లాస్టిక్ డబ్బాలో. చూడటానికి ముచ్చటైన కూర్పు. కానీ ఆ ప్లాస్టిక్‌లోంచి 90 డిగ్రీల దగ్గరి నీళ్ళు ఏళ్ళ తరబడి పారాలి. పక్కనే ఇంజిన్ సెగ. కొన్నాళ్ళకు డబ్బా వంగింది, పగిలింది. నీళ్ళు స్పర్శల్లోకి చేరితే ఏసీ పోయేది, బయటికి కారిపోతే ఇంజిన్‌కే ముప్పు వచ్చేది. తరవాత ఇతర తయారీదారులు అదే సర్వోను అల్యూమినియంతో పోసి అమ్మారు. మెర్సిడెస్ 1980ల మొదట్లో ఆ పద్ధతినే వదిలేసి, విద్యుదయస్కాంతంతో తెరుచుకుని మూసుకునే చిన్న నీటి వాల్వు తెచ్చింది. కరెంటు అందకపోతే అది తెరుచుకునే ఉంటుంది, వేడినీళ్ళు పారుతూనే ఉంటాయి. చలిదేశంలో అద్దం మీది మంచు కరగడమే ముఖ్యం కాబట్టి ఇక్కడా అదే జాగ్రత్త.

ఆ మెర్సిడెస్ డీజిల్ కార్లలో ఇంకో విశేషముంది. డీజిల్ ఇంజిన్ గాలిని అడ్డులేకుండా పీలుస్తుంది, కనుక దానికి వాక్యూమ్ పుట్టదు. ప్రత్యేకంగా పంపు పెట్టారు. బ్రేకులకూ, తలుపు తాళాలకూ, ఏసీ తలుపులకూ, చివరికి తాళం తీయగానే ఇంజిన్ ఆగడానికీ ఆ పంపే ఆధారం. ఎక్కడో ఒక చిన్న గొట్టం చిల్లుపడితే తాళం తీసి చేతిలో పెట్టుకున్నా ఇంజిన్ ఆగదు. తలుపు తాళంలో మొదలైన లోపం ఇంజిన్ దగ్గర బయటపడుతుంది. అందుకే ఈ కార్ల మెకానిక్ పనిముట్ల పెట్టెలో మొదట ఉండాల్సింది చేత్తో నొక్కే వాక్యూమ్ పంపు. ఒక్కో పొరకూ దాన్ని తగిలించి లాగి, ముల్లు నిలబడిందా, జారిపోతోందా చూస్తే దొంగ దొరికిపోతాడు.

1980ల నాటికి మైక్రోప్రాసెసర్ వచ్చి చేరింది. కాడిలాక్ ప్యానెల్ మీద చక్రం పోయి అంకెలు వెలిగాయి. ఆఫ్, వార్మర్ అనే రెండు మీటలు కలిపి నొక్కితే కారు తన లోపాలను తానే అంకెల్లో చూపించే ఏర్పాటు వచ్చింది. డాష్‌బోర్డు మీద, అద్దం కింద, ఎండను చూసే చిన్న నల్లని బుడిపె కూడా తరవాత్తరవాత మామూలైంది. వేడిమిని కాక వెలుతురును కొలిచే సెన్సర్ అది. మబ్బు తొలగి ఎండ ఛాతీ మీద పడగానే, గది గాలి వేడెక్కకముందే చల్లదనం పెంచుతుంది. క్రమంగా వాక్యూమ్ పొరల స్థానంలో బుల్లి మోటార్లు వచ్చాయి. మెదడు మారింది, కండరాలు మారాయి. కానీ కోరిన వేడిమి, లోపలి గాలి, బయటి గాలి, తేడా చూసి తలుపు కదపడం, ఈ పథకం మాత్రం 1964 నాటిదే.

అందుకే ఈ పాత కథ మన రోడ్లకూ అవసరం. మన దగ్గర ఆటోమేటిక్ ఏసీ చాలాకాలం ఖరీదైన కార్లకే పరిమితం. 2005లో వచ్చిన మారుతి స్విఫ్ట్‌లో జెడ్‌ఎక్స్‌ఐ రకం, 2007లో వచ్చిన ఎస్‌ఎక్స్ 4లో అదే రకం, మధ్యతరగతి ఇళ్ళకు దాన్ని తెచ్చాయి. ఆ కార్లకు ఇప్పుడు 20 ఏళ్ళు నిండుతున్నాయి. హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో సెకండ్ హ్యాండ్‌లో చేతులు మారుతున్నాయి. ఏసీ సరిగా లేదనగానే చాలా షెడ్లలో వినిపించే మొదటి మాట గ్యాస్ పట్టించాలని, రెండో మాట కంప్రెసర్ పోయిందని. గ్యాస్ తగ్గడం నిజంగా జరుగుతుంది, కంప్రెసర్లూ పోతాయి. అయితే వాటి దగ్గరికి వెళ్ళేముందు చూడాల్సినవి, పైసా ఖర్చు లేకుండా చూడగలిగినవి ఉన్నాయి.

మొదటిది ఆ జల్లెడ కన్నం. ఇంజిన్, బ్లోవర్ నడుస్తుండగా సన్నని టిష్యూ కాగితం ముక్క దాని దగ్గర పెట్టాలి. కాగితం అతుక్కుంటే గాలి లాగుతోంది, లోపలి సెన్సర్‌కు నిజమైన వార్త అందుతోంది. అతుక్కోకపోతే కన్నం శుభ్రం చేయించాలి, వెనక గొట్టం ఊడిందేమో చూపించాలి. రెండోది, గాలి చల్లగా వస్తూ మధ్యలో గోరువెచ్చగా మారుతోందంటే కలిపే తలుపు మీద అనుమానం పెట్టాలి. తాళం తిప్పినప్పుడల్లా డాష్‌బోర్డు వెనక టిక్కుటిక్కుమంటోందంటే తలుపు మోటారులో ప్లాస్టిక్ పళ్ళు విరిగి ఉండవచ్చు. మూడోది హీటర్. మనకు వేడి అక్కర్లేదని రేడియేటర్‌లో కూలెంట్‌కు బదులు ఉత్త నీళ్ళు పోస్తూ పోతే తుప్పు, మట్టి హీటర్‌లోనూ దాని వాల్వులోనూ చేరతాయి. సగం తెరుచుకుని పట్టేసిన వాల్వు ఏప్రిల్ నెలంతా చల్లగాలిలో వేడి కలుపుతూనే ఉంటుంది. అప్పుడు గ్యాస్ ఎంత పట్టించినా ప్రయోజనం ఉండదు.

1990ల మొదటి సగానికి ముందటి విదేశీ కార్లు ఇష్టంగా దాచుకునేవాళ్ళకు మరో విషయం. వాటి ఏసీ ఆర్-12 గ్యాస్ కోసం తయారైంది. ఓజోన్ పొరను కాపాడటానికి 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం తరవాత ఆ గ్యాస్ స్థానంలో ఆర్-134ఎ వచ్చింది. పాత కారులో గ్యాస్ మాత్రం మార్చి, కండెన్సర్‌నూ, కాయిల్ పీడనం నిలిపే వాల్వునూ అలాగే వదిలేస్తే ట్రాఫిక్‌లో చల్లదనం తగ్గుతుంది. కోరిన అంకె ఎప్పటికీ రాదు కనుక ఆటోమేటిక్ వ్యవస్థ బ్లోవర్‌ను పూర్తి వేగంలోనే ఉంచేస్తుంది. చూసేవాళ్ళకు అది కంట్రోల్ లోపంలా కనిపిస్తుంది. నిజానికి కంట్రోల్ తన పని తాను చేస్తోంది, చల్లదనమే చాలడం లేదు.

అలవాట్ల సంగతీ చెప్పుకోవాలి. ఎండలో ఆగిన కారు ఎక్కగానే అంకెను అట్టడుగుకు దించేవాళ్ళే ఎక్కువ. ఆటో మీట నొక్కి 24 దగ్గర ఉంచినా, లోపల 50 డిగ్రీలుంటే వ్యవస్థ ఎలాగూ పూర్తి చలిలోనే మొదలవుతుంది. 18కి దించితే త్వరగా చల్లబడదు, చల్లబడ్డాక ఆగదు, అంతే. కిటికీలు దించి ఒకటి రెండు నిమిషాలు నడిపి ఆ ఉక్కను బయటికి తోలేయడం అన్నిటికన్నా త్వరగా పనిచేస్తుంది.

టొయోటా, లెక్సస్ పాత కార్లు చాలావాటిలో కారే తన జబ్బు చెప్పుకుంటుంది. ఆటో మీటనూ, లోపలి గాలి తిప్పే మీటనూ కలిపి నొక్కి పట్టుకొని తాళం తిప్పితే, ప్యానెల్ దీపాలు కొన్నిసార్లు మెరిసి, తరవాత అంకెలు కనిపిస్తాయి. 00 అంటే అంతా బాగున్నట్టు. 11 లోపలి సెన్సర్, 12 బయటి సెన్సర్, 13 కూలింగ్ కాయిల్ దగ్గరిది, 21 ఎండ సెన్సర్. అమెరికాలో ఉన్న మన పిల్లలు పాత క్యామ్రీ కొనేముందు ఈ పరీక్ష ఒక్కసారి చేసి చూడవచ్చు. పరీక్ష ఆరుబయట పగటి వెలుతురులో చేయాలి. చీకటి షెడ్డులో చేస్తే ఎండ సెన్సర్‌కు వెలుతురు అందక, అది నిక్షేపంగా ఉన్నా 21 చూపిస్తుంది. అది చూసి బాగున్న సెన్సర్‌ను మార్పించుకోవద్దని మనవి.